చిన్నమేస్త్రి వాటా

తల ముగ్గుబుట్టయినా, మోకాళ్లు పట్టేసే వయసొచ్చినా బజారులో అందరికీ అతను చిన్నమేస్త్రే. పక్కన పెద్దమేస్త్రి ఉన్నాడు కాబట్టి ఇతను చిన్న. అంతకంటే లెక్కేమీ లేదు. ఇద్దరూ కలిసి తూకం కాటాలు బాగుచేసే దుకాణం నడిపేవారు. కూరగాయలమ్మ కాటా పళ్లెం సొట్టపోయినా, మాంసం కొట్టువాడి స్ప్రింగు సాగిపోయినా, పాత ఇనుము కొనేవాడి బల్లకాటా ముల్లు మొరాయించినా వీళ్ల గుమ్మం ఎక్కాల్సిందే.

పెద్దమేస్త్రి నోటి మనిషి, చిన్నమేస్త్రి చేతి మనిషి. కొట్లు తిరిగి పని తేవడం, ఆఫీసుల్లో గుమాస్తాలతో జోకులేసి సంతకాలు పెట్టించుకురావడం, అద్దె దగ్గర ఓనరుతో గీచిగీచి బేరమాడడం పెద్దమేస్త్రి వంతు. బల్ల ముందు కూర్చుని, కళ్లద్దాలు నుదుటి మీంచి ముక్కు మీదికి దించుకుని, కాటా పొట్ట విప్పి సరిచేయడం చిన్నమేస్త్రి వంతు. అతనికి నలుగురిలో నోరు పెగలదు. బేరానికి ఎవరైనా వస్తే, "బావ వస్తాడు, ఉండండి" అనేవాడు. ఆ ఒక్క మాటతో బతుకంతా గడిచిపోయింది.

బావ అంటే వరసకు బావ కాదు. కుర్రతనంలో ఇద్దరూ ఒకే యజమాని దగ్గర పని నేర్చుకున్నారు. అప్పుడు మొదలైన పిలుపు. దాన్నిబట్టి పెద్దమేస్త్రి భార్య ఇతనికి అక్క అయింది. చిన్నమేస్త్రి పెళ్లి చేసుకోలేదు. చేసుకోకూడదని కాదు, అడగాల్సిన చోట నోరు విప్పలేక అలా ఉండిపోయాడు. దుకాణానికి రెండు సందుల అవతల మేడ మీద ఒంటిగది. రాత్రి పడుకోవడానికి తప్ప ఆ గదితో అతనికి పనిలేదు. పగలంతా బావ, బావ కబుర్లు, మధ్యాహ్నం అక్క పంపిన క్యారియరు.

ఒక ఉదయం బాగుచేసిన కాటా భుజాన వేసుకుని పెద్దమేస్త్రి కిరాణా కొట్టుకు వెళ్లాడు. ఆ కొట్టు మెట్ల మీద కూర్చుని కాసిన్ని మంచినీళ్లు అడిగాడట. లోపల్నుంచి నీళ్లు వచ్చేలోగా పక్కకు ఒరిగిపోయాడు.

కర్మకాండ అంతా ముగిశాక చిన్నమేస్త్రి వచ్చి దుకాణం షట్టరెత్తాడు. ఇంకేం చేయాలో అతనికి తోచలేదు. బల్ల ముందు కూర్చుని, సగంలో వదిలిన కాటా విప్పాడు. బావ కుర్చీ మీద బావ తుండు అలాగే ఉంది. దాన్ని తీయలేదు.

కాటాలకు ముద్రలు వేసే ఇన్‌స్పెక్టరు ఆ వారమే వచ్చాడు. పాత పరిచయస్తుడు. కుర్చీ వైపు, దాని మీది తుండు వైపు చూశాడు. ఆ తర్వాత ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు.

"లైసెన్సు పెద్దమేస్త్రి పేరు మీద ఉందయ్యా. మనిషితో పాటే అదీ పోయింది. ఇప్పుడు నువ్వు రిపేరు చేసిన కాటాకి నేను ముద్ర వెయ్యకూడదు."

"ఇన్నేళ్లూ రిపేరు చేసింది నేనే కదండీ."

"నాకు తెలుసు. ఆఫీసుకి తెలియాలిగా?"

ఆ తర్వాత దుకాణం ఓనరు వచ్చాడు. అద్దె ఒప్పందంలో ఉన్నది పెద్దమేస్త్రి పేరు. ఇప్పుడు ఎవరితో మాట్లాడాలో తెలియడం లేదని మర్యాదగానే అన్నాడు. బ్యాంకు వాళ్లు ఖాతా ఆపేశారు. చివరికి అక్క వాళ్ల అన్న వచ్చాడు. చేతిలో కొలత టేపు. ఈ గోడ నుంచి ఆ గోడకు, గుమ్మం నుంచి వెనక కిటికీకి కొలిచాడు. సెల్‌ఫోన్ల కొట్టు పెట్టడానికి సరిపోతుందని తనలో తనే అనుకుంటున్నట్టు పైకే అన్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు.

"మా బావ దగ్గర నీ జీతం ఎంతుండేది?"

జీతం అనే మాట ఆ దుకాణంలో ఎప్పుడూ వినపడలేదు. జవాబు చెబుదామని నోరు తెరిచాడు, గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. అవతలివాడు దాన్ని ఎలా అర్థం చేసుకున్నాడో గానీ, "సర్లే, ఏదో ఒకటి చూద్దాం నీకు కూడా" అని భుజం తట్టి వెళ్లిపోయాడు. ఆ తట్టుడు తిట్టుకంటే బరువనిపించింది.

జిరాక్సు కొట్టు మీద ఒక లాయరమ్మ ఉండేది. నెలకోసారి ఉదయం పూట చిన్న చిన్న వ్యాపారులకు ఉచితంగా సలహాలు చెబుతుందని కూరగాయలమ్మ చెప్పింది. చిన్నమేస్త్రి ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లి, వెనక వరసలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గదిలో జనం బాగానే ఉన్నారు. ఇంట్లో కేకులు చేసి అమ్మితే లైసెన్సు కావాలా అని ఒకావిడ అడిగింది. తన కొట్టు పేరే అవతలి వీధిలో ఇంకొకడు పెట్టుకున్నాడని ఒకాయన లబోదిబోమన్నాడు. పనికి పెట్టుకున్న మనిషికి చెయ్యి తెగితే ఖర్చు ఎవరిదని ఒకతను, అద్దె కాగితం మీద సంతకం పెట్టే ముందు ఏం చూసుకోవాలని ఇంకొకతను. లాయరమ్మ ఒక్కొక్కరికీ విసుక్కోకుండా చెబుతోంది. చిన్నమేస్త్రి వంతు వచ్చింది. అందరూ వెనక్కి తిరిగి చూశారు. అంతే, అతని నాలుక అంగిటికి అంటుకుపోయింది. లాయరమ్మ రెండు క్షణాలు చూసి, "మీరు ఉండండి, చివర్లో మాట్లాడుకుందాం" అంది.

గది ఖాళీ అయ్యాక తన కుర్చీ ఎదురుగా లాక్కుని కూర్చుంది. అప్పుడు చెప్పాడు, ముక్కలు ముక్కలుగా.

"ఆయన మీకు ఏమవుతారు?"

"బావండీ."

"అంటే ఆయన భార్య మీ సొంత అక్కా?"

"కాదండీ. పిలుపుకి బావ."

"పోనీ, దుకాణంలో మీరెవరు? ఆయన దగ్గర పనిచేసేవారా, భాగస్వామా?"

"మేస్త్రినండీ."

లాయరమ్మకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. "వచ్చిన సొమ్ము ఎలా పంచుకునేవారు?"

"పొద్దుపోయాక గల్లా తీసి చెరి సగం తీసుకునేవాళ్లం. నష్టమొచ్చినా అంతే."

"ఎక్కడైనా రాసుకున్నారా?"

"ఎదురెదురుగా కూర్చునేవాళ్లం కదండీ. రాసుకోవడం ఎందుకూ?"

"సాక్ష్యంగా చూపించడానికి ఏదైనా ఉందా? ఏదైనా సరే."

చిన్నమేస్త్రి చాలాసేపు ఆలోచించాడు. "మధ్యాహ్నం క్యారియర్లో కింది గిన్నె నాదండీ" అన్నాడు.

ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. నోటిమాట మీద నడిచిన భాగస్వామ్యమైనా భాగస్వామ్యమే, కాగితం లేనంత మాత్రాన లేదని కాదు. కానీ ఉండేదని ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి. అందరికంటే బరువైన మాట పెద్దమేస్త్రి భార్యది. ఆవిడ ఒప్పుకుంటే చిక్కే లేదు. కాదంటే కోర్టు, కొట్లాట, ఏళ్లు.

"ఇంకో సంగతి. ఇద్దరే ఉన్నచోట ఒకరు పోతే, ముందే వేరేగా రాసుకుని ఉంటే తప్ప, ఆ భాగస్వామ్యం ఆ రోజుతో ముగిసిపోతుంది. ఆయన వాటా ఆవిడకి వెళ్తుంది. ఆ తర్వాత మీరు నడిపేది ఏదైనా అది కొత్త వ్యాపారమే."

"ఆ రోజుతోనేనా?"

"ఆ రోజుతోనే."

అన్నాళ్లూ షట్టరెత్తుతూ, తుండు జోలికి పోకుండా, మా దుకాణం అనుకుంటూ కూర్చున్నాడు. అది బావ ఒరిగిపోయిన మెట్ల మీదే ఆగిపోయిందని అతనికి ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

"రిపేరుకొచ్చిన కాటాలున్నాయండీ" అన్నాడు, వేరే ఏదో ఒకటి మాట్లాడాలని.

"అవి మీవీ కావు, ఆవిడవీ కావు. ఎవరివి వాళ్లకి ఇచ్చేసి సంతకం తీసుకోండి. లైసెన్సు వచ్చేదాకా కొత్త పని ఒప్పుకోకండి."

అలాగే చేశాడు. వచ్చినవాళ్లు వచ్చి తమ కాటాలు తీసుకుపోయారు. మంచిమనుషులే, ప్రతివాళ్లూ ఒక మాట అనే వెళ్లారు. చివరి కాటా వెళ్లిపోయాక అరలన్నీ బోసిపోయాయి. గోడల మీద కాటాలు ఆనిన చోట్ల గుండ్రటి మరకలు మిగిలాయి. పనిముట్లు తుడిచాడు. మళ్లీ తుడిచాడు. బజారు గోల లోపలికి వస్తోంది గానీ, అందులో అతన్ని పిలిచే గొంతు ఒక్కటీ లేదు. ఎన్నడూ లేనిది ఆ మధ్యాహ్నం బల్ల మీద తల పెట్టుకుని పడుకున్నాడు. నిద్ర పట్టలేదు.

అక్క దగ్గరికి వెళ్లడానికి కాళ్లు రాలేదు. భర్త పోయిన మనిషి దగ్గరికెళ్లి సగం నాదని అడగడమంటే ఎలా? గేటుదాకా వెళ్లి ఒకసారి వెనక్కి వచ్చాడు. రెండోసారి ఆవిడే వాకిట్లో ఉతికిన బట్టలు ఆరేస్తూ చూసింది.

"ఏమయ్యా, గేటుకి రిపేరేమన్నా ఉందా? అలా పట్టుకు నిలబడ్డావు?"

లోపలికి వెళ్లాడు. ముందుగదిలో రెండు కుర్చీలు. ఒకదాని మీద కూర్చోబోయి, అది బావది కాబోలని ఆగి, రెండోదాని మీద కూర్చున్నాడు. ఆవిడ నీళ్లు తెచ్చింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక గ్లాసు వైపే చూస్తూ మొత్తం చెప్పేశాడు. లైసెన్సు, అద్దె, లాయరమ్మ మాట. జీతం మాట మాత్రం చెప్పలేదు.

ఆవిడ తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. "మా అన్నయ్య అంటున్నాడు, నువ్వు పనివాడివేనని. కాగితం లేదు కదా, ఒప్పుకోకు అంటున్నాడు."

"మీరేమంటారక్కా?"

"నన్నడుగుతున్నావా నువ్వు?" ఆవిడ గొంతు ఒక్కసారిగా పదునెక్కింది. "సగమే కావాలా నీకు? ఆయన పగలంతా నీదే కదయ్యా! పొద్దున్నే లేచి దుకాణం, దుకాణం అని పరుగెత్తేవాడు. ఇంటికొచ్చేసరికి మనిషిలో మాట మిగిలేది కాదు. అన్నం పెట్టు, పడుకుంటా. అంతే. బజారంతా చెబుతారు, మీ ఆయన భలే కబుర్లు చెబుతాడమ్మా అని. ఏ కబుర్లు? నేనెప్పుడు విన్నాను? ఆ దుకాణమంటే నాకు సవతిలా ఉండేది."

చిన్నమేస్త్రి తలెత్తలేదు. ఇన్నేళ్లూ ఆవిడ వండిన అన్నం తిన్నాడు. ఆ గిన్నె కట్టే చేతుల వెనక ఈ మాట ఉందని ఊహకైనా రాలేదు. తనదే దిక్కులేని బతుకనుకున్నాడు. ఈ ఇంట్లో, ఈ రెండు కుర్చీల మధ్య కూడా అదే ఉందని అతనికేం తెలుసు?

ఆవిడే అడిగింది, గొంతు తగ్గించి.

"ఏం మాట్లాడేవాడు నీతో?"

"ఎప్పుడక్కా?"

"రోజూ. పొద్దున్నించి సాయంత్రం దాకా. ఏం మాట్లాడేవాడో చెప్పు."

నలుగురిలో నోరు మెదపలేని మనిషి, ఆ రోజు చెప్పాడు. ముందు ఒక్కొక్క మాటే వచ్చింది. బావ ఉదయాన్నే షట్టరెత్తుతూ ప్రతిరోజూ అదే పాట తప్పుగా పాడేవాడని. సరిచేయబోతే, "పాట నాది కాదు, తప్పు నాది, దాన్ని ముట్టుకోకు" అనేవాడని. మాంసం కొట్టువాడు నడిచే తీరు వాడి ముందే చేసి చూపించి వాడినే నవ్వించాడని. వానాకాలం మోకాలు నొప్పెడితే కాటా మీద కాలు పెట్టి, "చూడు, నొప్పి కూడా బరువు తూగుతోంది" అనేవాడని. క్యారియరు విప్పగానే వాసన చూసి, "ఇవాళ మీ అక్క కోపంగా ఉంది, ఉప్పు చెబుతోంది" అనో, "ఇవాళ ప్రసన్నంగా ఉంది, మనం బతికాం" అనో అనేవాడని.

ఆవిడ నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. "ఇంకా?" అంది.

ఎండ కిటికీలోంచి గోడ ఎక్కి, గోడ మీంచి పైకప్పుకు పోయేదాకా చెబుతూనే ఉన్నాడు. ఇక చెప్పడానికి ఏమీ మిగల్లేదని అనిపించాక ఆగాడు. ఆవిడ లేచి లైటు వేసింది.

"రేపు ఆ లాయరమ్మ దగ్గరికి తీసుకెళ్లు నన్ను. ఏం రాయాలో చెబితే రాస్తాను."

వెళ్లారు. ఆవిడ అన్న కూడా వచ్చాడు, మొహం మాడ్చుకుని. "ఆలోచించుకోవే, రక్తసంబంధం కాదు, ఏమీ కాదు" అన్నాడు. ఆవిడ కలం ఆపకుండానే, "సంబంధం సంగతి నాకు తెలుసులే అన్నయ్యా, వీడికీ కలిపి వండింది నేను" అంది. ఇద్దరూ చెరి సగం పెట్టుబడితో మొదలుపెట్టారనీ, లాభనష్టాలు సమానమనీ తనకు మొదటినుంచీ తెలుసని రాసి సంతకం పెట్టింది.

ఇప్పుడు రెండు దారులున్నాయని లాయరమ్మ చెప్పింది. ఆవిడా, చిన్నమేస్త్రీ కొత్తగా భాగస్వాములై, ఈసారి కాగితం మీద రాసుకుని నడపవచ్చు. లేదా ఆవిడ వాటాకు విలువ కట్టి చిన్నమేస్త్రి కొనుక్కోవచ్చు, వాయిదాల మీదైనా సరే. చిన్నమేస్త్రి ఆశగా ఆవిడ వైపు చూశాడు. ఎదుటి కుర్చీలో ఎవరో ఒకరు కూర్చుంటారని కాబోలు. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"నేను మా చెల్లెలి దగ్గరికి పోతున్నాను తమ్ముడూ. ఆ ఇంట్లో ఒక్కదాన్నీ ఉండలేను. దుకాణం నువ్వే తీసుకో, నా వాటా వాయిదాల మీద పంపు."

"బోర్డు మీద బావ పేరుందక్కా. అది ఉంచుకోనా?"

పేరు కూడా వ్యాపారంలో భాగమేననీ, వాడుకోవాలంటే ఆవిడ ఒప్పుకోవాలనీ లాయరమ్మ అంది.

"ఇన్నాళ్లూ ఆ పేరు బజారులోనే వేలాడింది. ఇక నాకిచ్చెయ్" అంది అక్క.

సామాను లారీ వచ్చిన రోజు చిన్నమేస్త్రి రేకు బోర్డు దించి, తడిబట్టతో తుడిచి, దుప్పటి చుట్టి పరుపుల మధ్య పెట్టాడు. అక్క డ్రైవరు పక్కన కూర్చుంది. "వేళకి తిను" అంది. లారీ సందు తిరిగేదాకా నిలబడి, దుకాణానికి వచ్చాడు. గుమ్మం పైన బోర్డున్న మేర గోడ కొత్తగా, తెల్లగా ఉంది.

లైసెన్సు పరీక్షలో అతనికి ఇబ్బందేమీ లేకపోయింది. ఇబ్బంది కౌంటరు దగ్గర వచ్చింది. "యజమానులు ఎంతమంది?" అని గుమాస్తా అడిగాడు. చిన్నమేస్త్రి అలవాటుగా పక్కకు చూశాడు. పక్కన గోడ ఉంది. "ఒక్కడినే" అన్నాడు. గుమాస్తాకు వినపడలేదు. మళ్లీ అనాల్సి వచ్చింది, గట్టిగా.

అద్దె ఒప్పందం, బ్యాంకు ఖాతా, లైసెన్సు, అన్నీ అతని పేరు మీదికి వచ్చాయి. చట్టం లెక్కలో ఇప్పుడతను నిండు మనిషి. కాటాలు మళ్లీ అరల్లోకి చేరాయి. బేరాలు అతనే ఆడుతున్నాడు, చాలామటుకు ఓడిపోతున్నాడు. మధ్యాహ్నం హోటల్లో, గోడవైపు కుర్చీలో కూర్చుని తింటున్నాడు.

కొన్నాళ్లకు లాయరమ్మ కబురు పెట్టింది. ఉచిత సలహాల రోజున ఒకసారి వచ్చి నాలుగు మాటలు చెప్పమంది. నావల్ల కాదన్నాడు. "నాలుగు వద్దు, రెండు చెప్పండి" అంది. మొహమాటానికి వెళ్లాడు.

ఆ రోజు ఇద్దరమ్మాయిలు వచ్చారు, స్నేహితురాళ్లు. కుట్టుపని కొట్టు పెడదామని. ఒకే గ్లాసులో నీళ్లు తాగుతున్నారు, ఒకళ్ల మాట ఇంకొకళ్లు పూర్తిచేస్తున్నారు. ఒప్పంద పత్రం రాసుకోమని లాయరమ్మ అనగానే ఫక్కున నవ్వారు. "మా ఇద్దరి మధ్యా కాగితాలేంటి మేడమ్! చిన్నప్పటి నుంచీ ఒకే కంచం."

లాయరమ్మ చిన్నమేస్త్రి వైపు చూసింది. అతను లేచాడు. ముందున్న కుర్చీ వీపు గట్టిగా పట్టుకున్నాడు.

"రాసుకోండమ్మా" అన్నాడు. మళ్లీ మొదలుపెట్టాడు. "నేనూ మీలాగే అన్నాను. కాగితం మీరు పోట్లాడుకుంటారని కాదు. మీ ఇద్దరూ ఉన్నంతకాలం దాని అవసరమే రాదు. ఒకరు లేనప్పుడు... ఉన్నవాళ్లు ఎవరని అడుగుతారు. అప్పుడు చెప్పడానికి, మీరు చెబితే నమ్మరు. రెండో ఆవిడ చెప్పాలి. ఆవిడ ఉండదు కదా."

కూర్చున్నాడు. గదిలో ఎవరూ నవ్వలేదు. అమ్మాయిలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పొడుగ్గా ఉన్నమ్మాయి, "సరే, ఏమేం రాయాలి మేడమ్?" అని అడిగింది.

మెట్లు దిగుతుంటే చిన్నమేస్త్రికి ఒళ్లంతా తేలిగ్గా, వింతగా ఉంది. గదినిండా జనం ముందు మాట్లాడాడు. అతని జన్మలో ఇంత పెద్ద కబురు లేదు. నడక దానంతటదే వేగమందుకుంది. షట్టరు ఎత్తి, లోపలికి అడుగుపెట్టి, "బావా" అనబోయి ఆగాడు.

ఫోను తీసి అక్కకు చేశాడు. అవతల చాలాసేపు మోగింది. ఎవరూ ఎత్తలేదు. చెల్లెలి పిల్లలతో ఎక్కడికైనా వెళ్లి ఉంటుంది. మళ్లీ చేయలేదు.

బల్ల ముందు కూర్చుని పని అందుకున్నాడు. కాసేపటికి కూరగాయలమ్మ వచ్చింది, రొప్పుకుంటూ.

"ఇవాళ నేను మీటింగులో మాట్లాడానమ్మా" అన్నాడు చిన్నమేస్త్రి, ఆవిడ నోరు తెరవకముందే.

"నువ్వా?"

"నేనే. అందరి ముందూ."

"బాగుందయ్యా" అంది ఆవిడ, వీధిలో వదిలొచ్చిన బండి వైపు మెడ తిప్పి చూస్తూ. "తర్వాత చెబుదువు గానీ, బండి దగ్గర ఎవరూ లేరు. నా కాటా అయిందా?"

"అయిందమ్మా" అని, అతను లేచి అరలోంచి దించి ఇచ్చాడు.